బదనిక కాని బదనికకు మనం చేస్తున్న అన్యాయం



నేను వృత్తిలో ఉన్న రోజుల్లో ఒక మధ్యాహ్నం నలభై యేళ్ళ స్త్రీ ఒకరు భర్తతో కలసి నా వద్దకు వచ్చారు. ఆమె రెండు చేతుల వేళ్ళ కణుపులు వాచి ఉన్నాయి. వేళ్ళు చిటికెనవేలి వైపుకు ఒరిగిపోయాయి. పిడికిలి బిగించలేరు, చీర కుచ్చిళ్ళు సర్దుకోలేరు, పొయ్యి మీది గిన్నె దింపలేరు. ఎన్నాళ్ళ నుంచి అని అడిగితే రెండేళ్ళు దాటినదన్నారు. ఇన్నాళ్ళూ ఏమి వాడారని అడిగితే ఆమె భర్త చేతిసంచిలో నుంచి రెండు పొట్లాలు తీసి బల్ల మీద పెట్టారు. ఒకదానిలో బూడిదరంగు చూర్ణం. రెండవదానిలో తెల్లగా, దూదిచుట్టలా మెత్తని పైపొర కలిగిన ఎండిన వేర్లు.

“మామిడిచెట్టు మీది బదనిక వేరండీ. మట్టి తగలకుండా పెరిగిన వేరు కనుక దోషం ఉండదని సంతలో అమ్మినాయన చెప్పాడండి. పొద్దున్నా రాత్రీ కషాయం కాచి ఇస్తున్నాను,” అన్నారాయన. ఆ మాటలో భార్య మీద ఉన్న శ్రద్ధకు నేను వంక పెట్టలేను. రెండేళ్ళ పాటు రోజూ రెండు పూటలా కషాయం కాచి ఇవ్వడం చిన్న సేవ కాదు. ఆ సేవ అంతా వ్యర్థమయినదన్నదే నా బాధ.

ఆ వేరును నేను వెంటనే గుర్తించాను. చిన్ననాటి నుంచి మామిడితోటల్లో చూసినదే. అది బదనిక కాదు. అది ఒక ఆర్కిడ్. దాని మీద మన సమాజం రెండు అపవాదులు మోపినది. చెట్టును పీల్చి చంపుతుందన్నది నింద రూపంలో ఉన్న అపవాదు. కీళ్ళవాతాన్ని కుదురుస్తుందన్నది పొగడ్త రూపంలో ఉన్న అపవాదు. రెండింటి ఫలితం ఒక్కటే: మొక్కను చెట్టు మీద నుంచి పెరికివేయడం. మొదటి అపవాదు వలన మొక్క పోతున్నది. రెండవ అపవాదు వలన మొక్కతో పాటు రోగి కీళ్ళు కూడా పోతున్నాయి. అందువలన ఈ రెండింటినీ కలిపి ఖండించదలచుకున్నాను.

ఆ మొక్క ఏది?

దీని శాస్త్రనామం వాండా టెస్సెల్లేటా. పూర్వ గ్రంథాల్లో వాండా రాక్స్‌బర్ఘీ అని కూడా కనిపిస్తుంది. భారతదేశం, శ్రీలంక, నేపాల్, బంగ్లాదేశ్, మయన్మార్ దేశాల్లో సహజంగా పెరుగుతుంది. మంచుకొండల మీదనో, నిత్యం వాన కురిసే అడవుల్లోనో మాత్రమే ఆర్కిడ్లు పెరుగుతాయన్న అభిప్రాయం చాలామందిలో ఉన్నది. ఈ మొక్క ఆ అభిప్రాయాన్ని తప్పని చూపుతుంది. ఆకురాల్చే అడవుల్లో, ఎండలు మండే మైదానాల్లో, ఊరి చివరి మామిడి, ఇప్ప వంటి గరుకు బెరడు గల చెట్ల మీద ఇది హాయిగా బ్రతుకుతుంది. తూర్పు కనుమల్లో పలుచోట్ల దీనిని చూడవచ్చును.

దళసరిగా, పట్టీల వలె, మధ్యలో గాడి కలిగి వెనుకకు వంగిన ఆకులు కాండానికి రెండు వైపులా వరుసగా ఉంటాయి. కాండం నుంచి లావుపాటి తెల్లని వేర్లు బయలుదేరి కొన్ని బెరడును పట్టుకుంటాయి, కొన్ని గాలిలో వ్రేలాడుతాయి. వేసవి నుంచి వానాకాలం వరకు పూలు పూస్తాయి. ఒక్కొక్క గెలకు అయిదు నుంచి పది పూలు. రేకులు పసుపు కలిసిన లేత ఆకుపచ్చ రంగులో ఉండి, వాటి మీద గోధుమరంగు గీతలు గళ్ళుగళ్ళుగా అల్లుకొని ఉంటాయి. మధ్యనున్న పెదవి రేకు నీలి ఊదా రంగు. మంచి సువాసన. లాటిన్‌లో టెస్సెల్లేటా అంటే గళ్ళు పరచినట్లు ఉన్నది అని అర్థం.

ఈ మొక్క శాస్త్రలోకానికి పరిచయమయిన కథలో తెలుగునేలకు భాగమున్నది. ఈస్టిండియా కంపెనీ వైద్యుడు, వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్ 1781 నుంచి 1793 వరకు సామర్లకోటలో ఉండి కోస్తా జిల్లాల మొక్కలను పరిశీలించాడు. స్థానిక చిత్రకారుల చేత వాటి బొమ్మలు వేయించాడు. ఆ కృషి కోరమాండల్ తీరపు మొక్కలు అనే గ్రంథంగా 1795 నుంచి వెలువడినది. అందులో ఎన్నో మొక్కలకు తెలుగు పేర్లు కూడా చేర్చాడు. ఈ ఆర్కిడ్‌కు శాస్త్రీయ వర్ణన వెలువడినది ఆ గ్రంథపు మొదటి సంపుటంలోనే. రెండు వందల యేళ్ళకు పైబడి శాస్త్రానికి తెలిసిన ఈ మొక్కను మన తోటల్లో మాత్రం ఇప్పటికీ చీడ అనే అంటున్నాము.

మొదటి అపవాదు: చెట్టును పీల్చుకు తింటుంది

ఈ పొరపాటు మొక్క పేరులోనే ఉన్నది. సర్ విలియం జోన్స్ సంస్కృతంలోని ‘వందా’ అనే మాటను తీసుకొని దీనికి వాండా అని పేరుపెట్టాడు. 1820లో రాబర్ట్ బ్రౌన్ ఆ పేరును ప్రజాతి నామంగా స్థిరపరచాడు. సంస్కృత నిఘంటువుల్లో వందా అనే మాటకు వృక్షాదని, వృక్షరుహ అనే పర్యాయపదాలు ఉన్నాయి. వృక్షాదని అంటే చెట్టును తినేది. వృక్షరుహ అంటే చెట్టు మీద మొలిచేది. ఒకే పేరు క్రింద రెండు వేరు వేరు స్వభావాలు చేరిపోయాయి. మన బదనిక, వదనిక అనే మాటలదీ అదే పరిస్థితి. చెట్టు కొమ్మ మీద ఏది మొలిచినా బదనికే.

నిజమయిన బదనిక వేరే ఉన్నది. దాని శాస్త్రనామం డెండ్రోఫ్తీ ఫాల్కేటా. దాని పండ్లను చిన్న పిట్టలు తిని, జిగురుతో కూడిన గింజలను కొమ్మలకు అంటిస్తాయి. గింజ మొలకెత్తి, చూషకం అనే అవయవాన్ని బెరడు లోపలికి, కొయ్య వరకు దించుతుంది. అక్కడి నుంచి చెట్టు నీటిని, లవణాలను పీల్చుకుంటుంది. అది పట్టిన చోట కొమ్మ బొడిపె కడుతుంది. ఆ చోటుకు పైనున్న భాగం క్రమంగా ఎండిపోతుంది. మామిడి రైతుకు అది నిజమయిన శత్రువే. దానిని కోసివేయవలసినదే.

వాండా అలా చేయదు. దాని వేరు బెరడును పట్టుకుంటుందే గాని లోపలికి చొరబడదు. గోడ మీద ఎగబ్రాకిన తీగ గోడను తిననట్లే ఇది చెట్టును తినదు. దీని తిండి దీనిదే. వేరు మీది తెల్లని పొరకు వెలామెన్ అని పేరు. నిర్జీవ కణాలతో ఏర్పడిన ఆ మెత్తని పొర వాననీటిని, మంచును, నీటిలో కరిగి వచ్చిన లవణాలను స్పంజి వలె పీల్చి నిలుపుతుంది. తడిసినప్పుడు ఆ వేరు ఆకుపచ్చగా కనిపిస్తుంది, ఎందుకంటే లోపల పత్రహరితం ఉన్నది. ఎండ కాలంలో నీరు ఆవిరి కాకుండా ఈ జాతి మొక్కలు తమ పత్రరంధ్రాలను పగలు మూసుకొని రాత్రి తెరుస్తాయి. రాత్రి నిలువ చేసుకున్న బొగ్గుపులుసు వాయువుతో పగలు ఆహారం తయారు చేసుకుంటాయి. ఇంత పొదుపుగా బ్రతికే ప్రాణి చెట్టును అడిగేది నిలబడడానికి కాస్త చోటు మాత్రమే.

రెండింటినీ వేరుపరచడం ఏ రైతుకూ కష్టం కాదు. కొమ్మకు అతుకు పడిన చోట బొడిపె ఉండి, సాధారణ కొమ్మల వంటి రెమ్మలు, గొట్టాల వంటి పూలు ఉంటే అది బదనిక. పట్టీల వంటి దళసరి ఆకులు, బెరడు పైన పాకిన తెల్లని వేర్లు ఉంటే అది ఆర్కిడ్. వేరును మెల్లగా పైకెత్తి చూడండి. క్రింద బెరడు చెక్కు చెదరకుండా ఉంటుంది. తోటలో పనివారికి కత్తి ఇచ్చి ‘బదనికలన్నీ కొట్టివేయండి’ అని చెప్పే ముందు ఈ రెండింటి తేడా చూపించండి. అంతకు మించి నేను కోరేది లేదు.

రెండవ అపవాదు: కీళ్ళవాతానికి మందు

ఈ మొక్కకు కీళ్ళవాతంతో ముడి ఎలా పడినది? ఆయుర్వేదంలో వాతరోగాలకు పేర్కొన్న ముఖ్య ద్రవ్యాల్లో రాస్న ఒకటి. మహారాస్నాది క్వాథం పేరు వినని వారుండరు. అయితే రాస్న అంటే ఏ మొక్క? దేశమంతటా దీనికి ఒకే సమాధానం లేదు. ఉత్తరదేశంలో ప్లూకియా లాన్సియోలేటా అనే, చామంతి కుటుంబానికి చెందిన మొక్కను రాస్న అంటారు. దక్షిణాదిలో, ముఖ్యంగా కేరళలో, అల్లం కుటుంబానికి చెందిన దుంపరాష్ట్రాన్ని వాడుతారు. వంగదేశపు వైద్యులు ఈ వాండా వేర్లను వాడుతూ వచ్చారు. మూడు మొక్కలు, మూడు కుటుంబాలు, మూడు రకాల రసాయనాలు. భారత ప్రభుత్వం ప్రచురించిన ఆయుర్వేద ఫార్మకోపియా రాస్న పేరు క్రింద స్వీకరించినది ప్లూకియా ఆకులను. ఆర్కిడ్ వేరును కాదు.

ఇక్కడ నేను ఆయుర్వేదం మీద దాడి చేయడం లేదని మనవి. శాస్త్రం చదివిన ఆయుర్వేద వైద్యుడు ద్రవ్యనిర్ణయం చేయకుండా మందు ఇవ్వడు. ఏ ప్రాంతపు సంప్రదాయంలో ఏ మొక్క, ఏ భాగం, ఎంత మోతాదు అని విచారిస్తాడు. సంతలో పట్టా పరచుకొని వేర్లు అమ్మేవాడు ఆ విచారణ చేయడు. పేరు గ్రంథానిది, మొక్క చేతికి దొరికినది, మోతాదు అతని నోటికి వచ్చినది. ‘మన పూర్వులు చెప్పారు’ అన్న మాటను అతడు అడ్డు పెట్టుకుంటాడు. పూర్వులు చెప్పినది ఏ మొక్క గురించో పండితుల మధ్యనే ఏకాభిప్రాయం లేనప్పుడు, ఆ మాట మీద మీ ఇంటి ఇల్లాలి కీళ్ళను పణం పెట్టడం న్యాయమా?

ఆధునిక పరిశోధన ఏమీ లేదా అని మీరు అడగవచ్చును. ఉన్నది. వాండా సారాలకు వాపును తగ్గించే గుణం ఉన్నట్లు ఎలుకల మీద చేసిన ప్రయోగాలు ప్రచురితమయ్యాయి. 2000లో కేరళ పరిశోధకులు ఈ మొక్క పూల సారం మగ చుంచెలుకల్లో కామవాంఛను పెంచినట్లు తెలియజేశారు. ఆ ఒక్క ఫలితం చాలు, వాజీకరణ ఔషధమని అమ్ముకోవడానికి! గమనించండి. ప్రయోగం జరిగినది పూల సారంతో, ప్రయోగశాలలో, చుంచెలుకల మీద. సంతలో అమ్మేది ఎండిన వేరు, కొనేది మనిషి. ఎలుకలో కనిపించిన గుణం మనిషిలో నిలబడడం అరుదు. నిలబడినా ఎంత మోతాదులో, ఎన్ని రోజులు, కాలేయానికి, మూత్రపిండాలకు ఏ హాని కలుగకుండా అన్నది మనుషుల మీద జరిపే క్రమబద్ధమయిన పరీక్షలే తేల్చాలి. కీళ్ళవాతపు చికిత్సకు వైద్యులు అనుసరించే ప్రామాణిక మార్గదర్శకాలు వేటిలోనూ ఈ మొక్కకు చోటు లేదు.

‘మొక్కల నుంచే గదా మందులు వచ్చినవి’ అని ఇంకొకరు అంటారు. నిజమే. మలేరియాకు వాడే ఆర్టెమిసినిన్ ఒక మాచిపత్రి జాతి మొక్క నుంచి వచ్చినదే. ఆ కృషికి చైనా శాస్త్రవేత్త తూ యూయూకు 2015లో నోబెల్ బహుమతి లభించినది. కాని ఆమె చేసినదేమిటి? పాత గ్రంథంలోని మాటను నమ్మి ఊరుకోలేదు. సారాన్ని వేరుచేశారు, శుద్ధి చేశారు, జంతువుల మీద, పిమ్మట మనుషుల మీద పరీక్షించారు, మోతాదు తేల్చారు. ఆ మార్గంలో నడిచిన మొక్క మందు అవుతుంది. నడవని మొక్క మొక్కగానే ఉంటుంది. మొక్కగా ఉండడంలో దానికి చిన్నతనమేమీ లేదు.

చేజారే కాలం

ఇప్పుడు ఆ స్త్రీ విషయానికి వస్తాను. ఆమెకున్నది రుమటాయిడ్ కీళ్ళవాతం. శరీరాన్ని కాపాడవలసిన రక్షణ వ్యవస్థ పొరపాటున కీళ్ళ లోపలి పొర మీద దాడి చేయడం వలన వచ్చే వ్యాధి. పురుషుల కంటె స్త్రీలలో రెండు మూడు రెట్లు ఎక్కువ. రెండు చేతుల్లోను చిన్న కీళ్ళు ఒకే తీరుగా వాస్తాయి. ఉదయం లేవగానే కీళ్ళు బిగుసుకొని అరగంట, గంట, అంతకు పైగా కూడా వదలవు. నీరసం, రక్తహీనత తోడవుతాయి. సరియైన చికిత్స జరగకపోతే మొదటి రెండేళ్ళలోనే ఎముక అంచులు కొరికివేసినట్లు అరిగిపోవడం మొదలవుతుంది. ఒకసారి అరిగిన ఎముక తిరిగి మునుపటి వలె కాదు. అందుకే లక్షణాలు మొదలయిన మూడు నుంచి ఆరు నెలల లోపల చికిత్స ఆరంభించాలని వైద్యులు పట్టుబడతారు.

మెథోట్రెక్సేట్ వంటి మందులు ఈ వ్యాధి గమనాన్ని మార్చగలవు. దీనిని వారానికి ఒక్కసారి మాత్రమే, ఫోలిక్ ఆమ్లంతో పాటు, రక్తకణాలకు, కాలేయానికి నియమిత పరీక్షలు చేయించుకుంటూ వైద్యుని పర్యవేక్షణలో వాడాలి. పొరపాటున రోజూ మ్రింగితే ప్రాణాపాయం. గర్భిణులు, గర్భం కోరేవారు వాడరాదు. ఇది జాగ్రత్తగా వాడవలసిన మందు. కాని దీని మేలు, కీడు రెండూ కొలిచి తెలిసినవి. సంతవేరు కీడు ఎవరూ కొలవలేదు. కొలవనిదానికి కీడు లేదనుకోవడం మన అమాయకత్వం.

ఆ రెండవ పొట్లం గురించి కూడా చెప్పాలి. ఆమె ముఖం గుండ్రంగా ఉబ్బి ఉన్నది. చర్మం పలుచబడి, తగిలిన చోటల్లా కమిలిపోతున్నది. అంతకు ముందు లేని రక్తపుపోటు, మధుమేహం బయటపడ్డాయి. ఇవన్నీ స్టీరాయిడ్ మందులు చాలాకాలం వాడిన వారిలో కనిపించే లక్షణాలు. ఆమె ఏ స్టీరాయిడూ వాడలేదని భర్త చెప్పారు. వారు అబద్ధమాడలేదు. చూర్ణంలో ఏమి కలిపారో వారికి తెలియదు. మూలికా చూర్ణాల్లో స్టీరాయిడ్లు, నొప్పి మాత్రలు పొడి చేసి కలపడం మన దేశంలో మందుల తనిఖీల్లో పలుమార్లు బయటపడిన మోసం. మొదట రెండు రోజుల్లోనే నొప్పి మాయమవుతుంది. అమ్మినవాడికి పేరు వస్తుంది, వేరుకు మహిమ వస్తుంది. లోపల ఎముకలు గుల్లబారుతుంటాయి. అటువంటి చూర్ణాన్ని చాలాకాలం వాడినవారు ఒక్కసారిగా మానివేసినా ప్రమాదమే. అధివృక్క గ్రంథులు అప్పటికే పని మరచి ఉంటాయి. అందువలన మీరు అటువంటిది వాడుతూ ఉంటే దాచకుండా పొట్లంతో సహా వైద్యునికి చూపించండి. మందలిస్తారన్న భయం వద్దు. మందలించే వైద్యుడి కంటె పొట్లం దాచిన రోగికే నష్టమెక్కువ.

ఆమెకు చికిత్స మొదలుపెట్టాము. నెలల మీద వాపులు తగ్గాయి, నొప్పి తగ్గినది, రక్తహీనత తగ్గినది. ఒరిగిపోయిన వేళ్ళు మాత్రం తిరిగి నిటారు కాలేదు. రెండేళ్ళ ముందు వచ్చి ఉంటే ఆ వేళ్ళు నిలిచేవి. ఆ మాట నేను వారితో అనలేదు. ఇప్పుడు మీతో అంటున్నాను.

ప్రతి కీలునొప్పీ ఇదే వ్యాధి కాదని కూడా గుర్తుంచుకోండి. వయసు మీరిన తరువాత మోకాళ్ళలో వచ్చేది చాలావరకు మృదులాస్థి అరుగుదల. దానికి బరువు తగ్గడం, తొడ కండరాలకు వ్యాయామం ముఖ్యమయిన చికిత్స. ఉన్నట్టుండి రాత్రివేళ కాలి బొటనవేలు ఎర్రబడి వాస్తే అది యూరిక్ ఆమ్లం వలన వచ్చే గౌట్ కావచ్చును. జ్వరంతో ఒక కీలు వాస్తే అందులో చీము చేరి ఉండవచ్చును. అది అత్యవసర పరిస్థితి. ఇన్ని వ్యాధులకు ఇన్ని చికిత్సలుండగా అన్నింటికీ ఒకే వేరు పనిచేస్తుందని చెప్పేవాడిని నమ్మడం ఎట్లా?

పెరికిన మొక్క తిరిగి రాదు

మొక్క పక్షాన కూడా వాదించవలసి ఉన్నది, దానికి నోరు లేదు కనుక. ఆకు కోస్తే మొక్క మళ్ళీ చిగురిస్తుంది. వాండాకు వేరు పెరికితే ఏమి మిగులుతుంది? నీరు, లవణాలు, చెట్టు మీద పట్టు అన్నీ ఆ వేర్లే. వేరు కోసం పెరికిన ప్రతి మొక్కా చచ్చిన మొక్కే.

ఒక కాయలో దుమ్ము వంటి గింజలు లెక్కకు మిక్కిలిగా ఉంటాయి. అయినా అడవిలో మొక్కలు విరివిగా పెరగవు. ఆర్కిడ్ గింజలో మొలకకు కావలసిన ఆహారపు నిలువ ఉండదు. గాలిలో కొట్టుకుపోయి, తగిన బెరడు మీద వాలి, అక్కడ తగిన శిలీంధ్రం తోడు దొరికితేనే అది మొలకెత్తుతుంది. ఆ శిలీంధ్రమే దానికి తొలి ఆహారం అందిస్తుంది. మొలకెత్తినది పూతకు రావడానికి మరి కొన్ని యేళ్ళు. ఒక పూట కషాయానికి పెరికిన మొక్క వెనుక ఇంత కాలం, ఇంత అదృష్టం ఉన్నవి.

చట్టం సంగతి కూడా చెబుతాను. వన్యజాతుల వాణిజ్యాన్ని నియంత్రించే సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందంలో 1976 నుంచి మన దేశం భాగస్వామి. ఆర్కిడ్ కుటుంబం మొత్తం ఆ ఒప్పందపు అనుబంధాల్లో ఉన్నది. అంటే అడవి ఆర్కిడ్లను ఇష్టం వచ్చినట్లు దేశం దాటించి అమ్ముకోవడానికి వీలులేదు. రక్షిత అడవుల నుంచి అనుమతి లేకుండా మొక్కలు పెరికి తేవడం నేరం. కాని మామిడితోటలో, ఊరి చెరువుగట్టు మీద కాపలా ఎవరు? మీరూ, నేనూ.

కావాలనుకుంటే పెంచండి

ఈ మొక్క మీద ఇష్టం ఉన్నవారికి దానిని పెంచడం అసాధ్యం కాదు. ఎండను తట్టుకునే గుణం, సువాసన, నీలిఛాయ ఉన్నందువలన సంకర వాండాలను సృష్టించడంలో ఉద్యానవేత్తలు దీనిని వాడుకున్నారు. మన వేడి వాతావరణం దానికి పరాయిది కాదు.

మొక్కను నర్సరీ నుంచి కొనండి. ప్రయోగశాలలో పెంచిన మొక్కనా, అడవి నుంచి తెచ్చినదా అని అడిగి తీసుకోండి. శిలీంధ్రం తోడు లేకుండా చక్కెర, లవణాలు గల మాధ్యమంలో ఆర్కిడ్ గింజలను మొలిపించవచ్చునని లూయిస్ నడ్సన్ 1922లోనే చూపించాడు. ఒక్క కాయ నుంచి వేల మొక్కలు సీసాల్లో పెంచే విద్య శతాబ్ది నాటిది. అది అందుబాటులో ఉండగా అడవిని దోచడానికి ఏ సాకూ చెల్లదు. ఆర్కిడ్ల పరిశోధనకు మన దేశంలో ప్రత్యేక కేంద్రమే ఉన్నది. భారత వ్యవసాయ పరిశోధన మండలి 1996లో సిక్కింలోని పాక్యాంగ్‌లో దానిని నెలకొల్పినది.

వాండాను మట్టిలో నాటకండి. కుళ్ళిపోతుంది. చెక్కబద్దీల బుట్టలో బొగ్గు, ఇటుక ముక్కలు వేసి అందులో కూర్చోబెట్టి, వేర్లను గాలికి వదలండి. బుట్ట లేకపోతే మామిడి, సపోటా వంటి గరుకు బెరడు చెట్టుకు జనపనార తాడుతో కట్టండి. జామ, నీలగిరి చెట్ల వలె బెరడు పొరలుగా ఊడిపోయే చెట్లు పనికిరావు. ఇనుప తీగతో బిగించకండి. కొన్ని నెలల్లో వేర్లే చెట్టును పట్టుకుంటాయి.

వడపోసిన వెలుతురు కావాలి. చెట్టునీడగాని, సగం ఎండను ఆపే నీడవలగాని చాలును. వేసవిలో రోజూ ఉదయం వేర్లు ఆకుపచ్చగా మారేటంత వరకు నీళ్ళు చల్లండి. సాయంత్రానికి అవి మళ్ళీ తెల్లబడాలి. ఆకుల నడుమ నీరు రాత్రంతా నిలిస్తే మొవ్వు కుళ్ళుతుంది. ఎదిగే కాలంలో వారానికొకసారి లీటరు నీటిలో ఒక గ్రాము మించకుండా సమతుల ఎరువును కలిపి చల్లవచ్చును. పొడుగయిన మొక్కకు పై భాగాన్ని రెండు మూడు గాలివేర్లతో సహా కోసి వేరుగా కట్టవచ్చును. క్రింది భాగం ప్రక్క పిలకలు వేస్తుంది. ఓర్పు కావాలి.

ఇంకొక మేలు ఎవరయినా చేయగలరు. గాలివానకు చెట్టు కూలినప్పుడు, దారి వెడల్పు కోసం పాత మామిడిచెట్లు కొట్టినప్పుడు, కొమ్మలతో పాటు ఈ మొక్కలు నేల మీద పడి ఎండిపోతాయి. చెట్టు యజమానినిగాని, అధికారులనుగాని అడిగి వాటిని ఏరి ప్రక్క చెట్లకు కట్టండి. చాలావరకు బ్రతుకుతాయి.

చివరి మనవి

ఇదంతా చదివి, ‘డాక్టరుగారు మొక్కల మీద ప్రేమతో వ్రాశారు’ అని కొందరు, ‘మందుల కంపెనీల పక్షాన వ్రాశారు’ అని కొందరు అనుకోవచ్చును. నేను వ్రాసినది ఒరిగిపోయిన ఆ వేళ్ళను తలచుకొని.

ఉదయం కీళ్ళు బిగుసుకుపోయి అరగంటకు మించి వదలకపోతే, చేతివేళ్ళ కణుపులు ఆరు వారాలు దాటి వాచి ఉంటే, సంత వైపు నడవకండి. కీళ్ళవ్యాధుల నిపుణుని వద్దకు, లేదా దగ్గరలోని వైద్యుని వద్దకు వెళ్ళి రక్తపరీక్షలు చేయించుకోండి. వేరు అమ్మేవాడు ఎదురుపడితే, ఇది ఏ మొక్క, ఏ మోతాదు, ఎవరి మీద పరీక్షించారు అని మూడు ప్రశ్నలు అడగండి. తోటలో నిజమయిన బదనికను నరికించండి. ప్రక్కనే పూచిన వాండాను వదిలివేయండి.

చెట్టు దానికి చోటిచ్చినది. చెట్టుకు లేని అభ్యంతరం మనకెందుకు?